మన సన్నాయి మేళం: కరవది నుంచి శ్రీరంగం దాకా

సన్నాయి లేని పెళ్లి పెళ్లే కాదంటారు మనవాళ్లు. కాని పెళ్లిలో ఆ సన్నాయిని చెవిపెట్టి విన్నవాళ్లు ఎందరని అడిగితే మాత్రం సమాధానం దొరకదు. మాది పాలకాయతిప్ప, వ్యవసాయ కుటుంబం. నేను చదివేది ఫిజిక్సు. సంగీత శాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. అయినా మాఘ పౌర్ణమికి హంసలదీవి వేణుగోపాలస్వామి ఉత్సవాల్లోనూ, ఊళ్లో పెళ్లిళ్లలోనూ చిన్నప్పటి నుంచీ వింటున్న వాద్యం కదా, అసలిదేమిటో తెలుసుకుందామనిపించింది. చదివినవీ, పెద్దల్ని అడిగి తెలుసుకున్నవీ కలిపి మిత్రుల ముందుంచుతున్నాను.

ముందు వాద్యం సంగతి. మా వైపు పొట్టిదైనా పొడుగుదైనా సన్నాయి అనే అంటాం. పెద్దదాన్ని నాదస్వరం అనడం శాస్త్రీయం. దాన్ని ఆచ్చా అనే గట్టి చెట్టు కర్రతో చేస్తారు. తెలుగులో ఆ చెట్టును ఏపి అంటారు. తమిళనాట కుంభకోణం దగ్గర నరసింగంపేట్టై అనే ఊరు ఈ పనికి ప్రసిద్ధి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలను కొని, బాగా ఆరిన ఆ కర్రనే తొలిచి నాదస్వరాలు చేస్తారు. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

గొట్టానికి వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. కింది భాగాన మరో ఐదు ఉంటాయి. వాటిని మైనంతో అవసరమైనంత మేరకు మూసి శ్రుతి సరిచేసుకుంటారు. పైన పెదవుల మధ్య పెట్టుకునేది పీక. రెల్లు జాతి గడ్డితో రెండు పొరలుగా చేసిన ఈ పీకే వాద్యానికి ప్రాణం. ఊదినప్పుడు ఆ రెండు పొరలూ కొట్టుకుంటూ తెరుచుకుంటూ మూసుకుంటూ గొట్టంలోని గాలిని కదిలిస్తాయి. వాద్యానికి వేలాడుతూ కనిపించే చిన్న చిన్న వస్తువులు అలంకారానికి కాదు. అవి అదనపు పీకలు, పీకను సరిచేసే పుల్ల.

ఇక్కడ మా సైన్సు విద్యార్థులకు నచ్చే విషయం ఒకటుంది. నాదస్వరం గొట్టం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, అంటే శంకువు ఆకారం. బ్యాండుమేళంలో వాయించే క్లారినెట్ గొట్టం దాదాపు ఒకే వెడల్పుతో సాగుతుంది. ఈ ఒక్క తేడా వల్ల ఫలితం మారిపోతుంది. నాదస్వరంలో ఊపిరి బిగించి ఊదితే కంపనాల సంఖ్య రెట్టింపై, సా కాస్తా సరిగ్గా పై స్థాయి సా అవుతుంది. క్లారినెట్‌లో అయితే మూడు రెట్లయి, సా నుంచి ఏకంగా పై స్థాయి పంచమానికి దూకుతుంది. అందుకే క్లారినెట్‌కు అన్ని మీటలు కావలసి వచ్చాయి. నాదస్వరానికి ఒక్క మీట కూడా లేదు. వేలు సగం ఎత్తి, పెదవి నొక్కి, ఊపిరి పెంచి తగ్గించి గమకాలన్నీ పలికించాలి. ఏడు రంధ్రాల మీద రెండున్నర స్థాయిల సంగీతం పలికించడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. మైకు లేని రోజుల్లో ఊరవతలికి వినిపించిన వాద్యమిది. అంత బలం పీకలోనూ, వాయించేవాడి గుండెలోనూ ఉంది.

సన్నాయి ఒంటరిగా రాదు. పక్కన డోలు ఉంటుంది. పనస కర్రతో చేసిన డోలుకు ఒకవైపు పుల్లతో, మరోవైపు వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుని వాయిస్తారు. శ్రుతి పట్టేవారొకరు, తాళం వేసేవారొకరు. అందరూ కలిస్తే మేళం. గుడిలో మేళానికి వేళలున్నాయి. తెల్లవారుజామున స్వామిని మేల్కొలిపేది భూపాళం, రాత్రి పవళింపు వేళ నీలాంబరి. ఉత్సవమూర్తి వీధిలోకి బయలుదేరేటప్పుడు గంభీరనాటలో మల్లారి. వాచీ లేని పల్లెటూరి మనిషి రాగాన్ని బట్టి గుడిలో ఏ సేవ జరుగుతోందో చెప్పగలిగేవాడట.

ఇక పెళ్లి. ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా మేళం ఉండాల్సిందే. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన పురోహితుడు చెయ్యి ఊపి ‘గట్టిమేళం’ అంటారు. డోలు, సన్నాయి ఒక్కసారి హోరెత్తుతాయి. ఎందుకంటే, ఆ శుభఘడియలో తుమ్మో, ఏడుపో, చెడ్డ మాటో చెవిన పడకూడదని. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఈ సంగతి తెలిశాకే. మిగతా చప్పుళ్లను కప్పేయడానికి పిలిచిన వాద్యం, చివరికి తానూ ఒక చప్పుడుగానే మిగిలిపోయింది. మంగళవాద్యం అని పేరు పెట్టి గౌరవించాం. వినడం మాత్రం మానేశాం.

వాయించేవారి సంగతీ అంతే. మన కోస్తా జిల్లాల్లో ఈ విద్యను తరతరాలుగా నిలబెట్టినవారిలో ఎక్కువమంది నాయీబ్రాహ్మణులు, వారితోపాటు గుంటూరు, ప్రకాశం జిల్లాల ముస్లిం కుటుంబాలు. వారు ఊదందే తాళి కట్టం. కాని వారికి విస్తరి వేసేది ఆఖరి బంతిలో. మా రైతుల ఇళ్ల పెళ్లిళ్లలో నేను కళ్లారా చూసిందే చెబుతున్నాను. ఆ మధ్య మా వైపు మేళం వాయించే ఒక పెద్దాయనను, “బాబాయ్, మీ అబ్బాయికి నేర్పలేదా?” అని అడిగాను. “నేర్పితే ఏం తింటాడు నాయనా? ముహూర్తాలున్నప్పుడు ఊపిరాడదు, మూఢమొస్తే పొయ్యి రాజదు. వాడు అవనిగడ్డలో సెల్‌ఫోన్ల కొట్లో చేస్తున్నాడు” అన్నారాయన. నేను మారు మాట్లాడలేదు.

మరి ఈ విద్యకు గౌరవం దొరికిన చోటు లేదా? ఉంది. అక్కడికి నడిచి వెళ్లిన తెలుగువాడూ ఉన్నాడు. ఆయన షేక్ చిన మౌలానా. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. అప్పట్లో అది గుంటూరు జిల్లా. నాదస్వరమే వృత్తిగా బతికిన కుటుంబం. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. ఆ కాలంలో తమిళనాట తిరువావడుతురై రాజరత్నం పిళ్లై నాదస్వర చక్రవర్తిగా వెలుగుతున్నారు. ఆయన వాయింపు విని తంజావూరు బాణీ మీద మనసు పడిన చిన మౌలానా, అప్పటికే విద్వాంసుడై ఉండి కూడా, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణుల వద్ద మళ్లీ శిష్యుడిగా చేరారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడ్డారు.

ఎందుకు అక్కడికే? కావేరి తీరపు గుళ్లలో ఉత్సవమూర్తి ఊరేగింపు రాత్రుళ్లు గంటల తరబడి సాగేది. వీధి మలుపులో మేళం ఆగితే, జనమూ ఆగి ఒకే రాగాన్ని తీరిగ్గా వినేవారు. వినేవాడు ఉన్నచోట వాయించేవాడు ఎదుగుతాడు. నాదస్వరంలో రాగాలాపన అంత విస్తారంగా పెరగడానికి ఆ వీధులే కారణం. ఒక తెలుగు ముస్లిం వైష్ణవ క్షేత్రమైన శ్రీరంగంలో ఇల్లు కట్టుకుని, రంగనాథుడి సన్నిధిలో త్యాగరాజ కీర్తనలు వాయించాడంటే, అక్కడ ముందు లెక్కకొచ్చింది విద్య అన్నమాట.

మా దివిసీమలో 1977 అంటే ఉప్పెన సంవత్సరం, ఇంకేదీ గుర్తుకు రాదు. అదే 1977లో చిన మౌలానాకు పద్మశ్రీ వచ్చింది. 1982లో ఆయన శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో సత్కరించింది. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులైన దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్‌లకు 2021లో పద్మశ్రీ లభించింది. వారూ తెలుగువారే, వారూ శ్రీరంగంలో స్థిరపడినవారే. మగవాళ్ల ఊపిరికే సాధ్యమనుకున్న వాద్యాన్ని ఒక స్త్రీ భర్త పక్కన సరిసమానంగా కూర్చుని వాయించడం నా దృష్టిలో బిరుదును మించినది.

ఇలాంటి కథే భూగోళానికి అవతల మరొకటి ఉంది. మెక్సికో దేశపు పశ్చిమ ప్రాంతంలో, ముఖ్యంగా హలిస్కో రాష్ట్రంలో, మరియాచి అనే మేళం ఉంది. వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్లు, గిటారోన్ అనే పెద్ద మంద్రవాద్యం వాయిస్తూ పాడతారు. పెళ్లికీ, పుట్టినరోజుకూ, చావుకూ వాళ్లే. వీధిలో నిలబడి పాటకింత అని తీసుకునే బతుకు. అమెరికాకు వలస వెళ్లిన మెక్సికన్లు ఈ మేళాన్నీ వెంట తీసుకుపోయారు.

అక్కడ జరిగిన మార్పు గమనించదగ్గది. మరియాచి కుటుంబంలో పుట్టి లాస్ ఏంజిలిస్ చేరిన నాటీ కానో 1961లో ‘లోస్ కాంపెరోస్’ బృందం స్థాపించాడు. 1969లో ఒక భోజనశాల తెరిచి, అందులో వేదిక కట్టించాడు. బల్లల మధ్య తిరిగి పాడే పద్ధతి పోయి, జనం వేదికవైపు తిరిగి కూర్చుని వినే పద్ధతి వచ్చింది. 1979లో టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో అంతర్జాతీయ మరియాచి సమావేశం జరిగింది. పేరున్న అమెరికన్ గాయని లిండా రాన్‌స్టాట్ 1987లో తన తండ్రి వైపు వారి మెక్సికన్ పాటలతో ఒక ఆల్బమ్ చేస్తే దానికి గ్రామీ బహుమతి వచ్చింది. 1994లో లాస్ ఏంజిలిస్‌లో పూర్తిగా ఆడవాళ్లతోనే ‘రేనా’ అనే బృందం వెలిసింది. 2011లో యునెస్కో మరియాచిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నిటికన్నా ముఖ్యం, టెక్సస్, అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో ఎన్నో బడుల్లో గణితం, సైన్సులతోపాటు మరియాచి కూడా పిల్లలకు నేర్పుతున్నారు. ఆ కులంలో, ఆ ఇంట్లో పుట్టనక్కరలేదు, బడిలో చేరితే చాలు.

ఈ రెండు కథల్లోనూ కనిపించే సూత్రం ఒకటే. మేళం బతకాలంటే రెండు కావాలి: కూర్చుని వినే జనం, ఎవరైనా వచ్చి నేర్చుకోగల బడి. మన రాష్ట్రంలో బడి లేకపోలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది. కొరవడింది వినే జనం. ఇవాళ చాలా కల్యాణమండపాల్లో రికార్డు చేసిన సన్నాయి స్పీకర్లో మోగుతోంది. కప్పేయడానికి చప్పుడే కావాలనుకుంటే రికార్డు చాలు. దానికి విస్తరి కూడా వెయ్యక్కరలేదు. మనం వినకపోవడం వల్లనే ఒక మనిషి చేసే పని యంత్రం చేతికి పోయిందని నా అభిప్రాయం.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఏటా మన వార్షికోత్సవానికి సినిమా పాటల ఆర్కెస్ట్రా పెడుతున్నాం, పెట్టండి, నేనూ ముందు వరసలోనే ఉంటాను. దానికి ముందు ఒక అరగంట మన దివిసీమ మేళానికి ఇవ్వండి. ముఖ్య అతిథికి ఎదురెళ్లడానికి కాదు, గేటు దగ్గర నిలబెట్టడానికి కాదు. వేదిక మీద జంపఖానా పరిచి, పేర్లు చదివి, కూర్చోబెట్టి, ఒక్క రాగం పూర్తిగా వాయించమందాం. వాయించినంతసేపూ ఎవరం లేవకుండా విందాం. ఆ రాత్రి భోజనాల్లో వారికి మొదటి బంతిలోనే విస్తళ్లు వేద్దాం. వడ్డించే పని నాకు అప్పగించండి.