పులికీ మేకకీ పోటీ ఎలా కుదిరింది?
వార్‌క్రాఫ్ట్ 3 ఆటలో కష్టం, సమతూకం

కంప్యూటర్ గేమ్ అనగానే పెద్దవాళ్ళు కాలం వృథా అంటారు. మన పిల్లలేమో తుపాకులతో కాల్చుకోవడమే అనుకుంటారు. ఈ రెండిటికీ అందని ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిని రియల్ టైమ్ స్ట్రాటజీ గేమ్స్ అంటారు. చదరంగంలోలాగా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయడం ఇందులో ఉండదు. ఇద్దరూ ఒకే సమయంలో గనిలో బంగారం తవ్వించాలి, చెట్లు కొట్టించాలి, కట్టడాలు లేపాలి, సైన్యాన్ని తయారు చేయాలి, యుద్ధమూ చేయాలి. మనం ఆలోచిస్తూ కూర్చుంటే అవతలివాడు మన కోసం ఆగడు.

ఈ రకంలో బాగా పేరు తెచ్చుకున్నది వార్‌క్రాఫ్ట్ 3. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ దీనిని 2002 జూలైలో విడుదల చేసింది. 2003లో ‘ద ఫ్రోజెన్ థ్రోన్’ అనే రెండో భాగం వచ్చింది. 2020లో ‘రిఫోర్జ్‌డ్’ పేరుతో కొత్త బొమ్మలు వేసి మళ్ళీ తెచ్చారు. మన హాస్టల్ నుండి ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్ళిన పాత విద్యార్థులలో చాలామందికి ఇది పరిచయమే. గదికి ఒక కంప్యూటర్, ఆడేవాడు ఒకడు, సలహాలిచ్చేవాళ్ళు పదిమంది!

ఈ ఆటలో నాలుగు జాతులు ఉంటాయి. హ్యూమన్, ఆర్క్, అన్‌డెడ్, నైట్ ఎల్ఫ్. మొదలుపెట్టేటప్పుడు అందరికీ 500 బంగారం, 150 కలప ఇస్తారు. అంతవరకే సమానం. ఆ తర్వాత ఎవరి దారి వారిది. హ్యూమన్ కూలీలు గనికీ కోటకూ మధ్య తిరుగుతూ బంగారం మోస్తారు. అన్‌డెడ్ కూలీలు గని చుట్టూ నిలబడితే చాలు, మోసే పని లేదు. నైట్ ఎల్ఫ్‌ల కట్టడాలు కొన్ని లేచి నడుస్తాయి కూడా. మరి ఇంత తేడా ఉన్నప్పుడు పోటీ న్యాయంగా ఎలా ఉంటుంది?

అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే పులిజూదం గుర్తు చేసుకోండి. పులులు 3, మేకలు 15. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేక పులిని చంపలేదు. అయినా ఈ ఆట అన్యాయమని ఎవరూ అనరు. పులికి దూకే బలం ఉంటే మేకలకు మంద బలం ఉంది, అన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తాయి. సమతూకం అంటే ఇద్దరికీ ఒకటే ఇవ్వడం కాదు, ఇద్దరికీ గెలిచే దారి ఉంచడం. ఒకటే ఇచ్చి ఊరుకోవడం సులభం. 1995లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 2 దాదాపు అలాగే చేసింది. హ్యూమన్ సైనికుడూ ఆర్క్ సైనికుడూ పేరుకే వేరు. తేడా అంతా మంత్రాలలోనే. అక్కడే తూకం తప్పింది. ఆర్క్ పక్షాన బ్లడ్‌లస్ట్ అనే మంత్రం దెబ్బ బలాన్ని విపరీతంగా పెంచేది. హ్యూమన్ పక్షాన గాయాలు మాన్పే మంత్రం ఉన్నా దానికి సాటిరాలేదని ఆటగాళ్ళు చెప్పుకునేవారు.

మూడో ఆటలో లెక్క ఎంత జాగ్రత్తగా వేశారో చూడండి. (ఇక్కడ ఇస్తున్న అంకెలు ఫ్రోజెన్ థ్రోన్‌వి. కంపెనీ అప్పుడప్పుడు సవరణలు చేస్తూ వచ్చింది కనుక కొన్నిచోట్ల స్వల్ప తేడా ఉండవచ్చు.) హ్యూమన్ కాలిబంటు ఫుట్‌మన్ ఖరీదు 135 బంగారం, ప్రాణం 420, తినే తిండి 2. ఆర్క్ గ్రంట్ ఖరీదు 200, ప్రాణం 700, తిండి 3. ఒకడికి ఒకడు ఎదురుపడితే ఫుట్‌మన్ ఓడిపోతాడు. అది చూసి ఆర్క్ గొప్ప అనుకోకూడదు. తిండి 6 దగ్గర లెక్క కట్టండి. ముగ్గురు ఫుట్‌మన్‌లకు 405 బంగారం, ఇద్దరు గ్రంట్‌లకు 400. మొత్తం ప్రాణం ఇటు 1260, అటు 1400. గ్రంట్‌ల వైపు ప్రాణం కొంచెం ఎక్కువ, కానీ ఫుట్‌మన్‌లు ముగ్గురు, పైగా వాళ్ళ చెయ్యి త్వరగా ఆడుతుంది. మన లెక్కల మాస్టారు తక్కెడ బొమ్మ గీసి చెప్పే సమీకరణం ఇదే కదా!

దీనికి తోడు దెబ్బల రకాలు, కవచాల రకాలు వేరుగా ఉన్నాయి. ఆర్క్ పక్షంలో టారెన్ అనే భారీ యోధుడు ఉంటాడు. అతనిది బరువు కవచం. మంత్రపు దెబ్బ దాని మీద రెట్టింపు పనిచేస్తుంది. గద్ద తల ఉన్న జంతువు మీద ఎగిరే గ్రిఫన్ రైడర్‌ది మంత్రపు దెబ్బే. కానీ ఆ గ్రిఫన్‌ది తేలిక కవచం, బాణాల దెబ్బ దాని మీద రెట్టింపు. పోనీ బాణాలు వేసే ఆర్చర్లనే పెంచుకుందామా? వాళ్ళది మధ్యరకం కవచం, టారెన్ లాంటివాడి మామూలు దెబ్బ వాళ్ళ మీద ఒకటిన్నర రెట్లు పడుతుంది. ఒకదానికి ఒకటి విరుగుడుగా చక్రంలా తిరుగుతుంది. అందువల్ల ఒకే రకం సైన్యాన్ని నమ్ముకున్నవాడికి ఎక్కడో ఒకచోట ఎదురుదెబ్బ తప్పదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది అప్‌కీప్ అనే నిబంధన. సైన్యం తినే తిండి 50 వరకు ఉంటే కూలీ ఒక్కో విడతకు తెచ్చే 10 బంగారమూ మనకే. 50 దాటితే 7 మాత్రమే చేతికి వస్తుంది. 80 దాటితే 4. అంటే 100 విడతలకు రావలసిన 1000 బంగారం కాస్తా 400 అవుతుంది. పెద్ద సైన్యం పెట్టుకుని కదలకుండా కూర్చున్నవాడు నెమ్మదిగా పేదవాడవుతాడు. చిన్న సైన్యంతో ఉన్నవాడు ఈలోగా కోలుకుంటాడు. ఇది లేకపోతే మొదటి ఐదు నిమిషాలలో ముందున్నవాడే చివరివరకూ ముందుంటాడు, మిగతా ఆట ఆడటం దండగ. హీరోల విషయంలోనూ ఇలాంటి కట్టడి ఉంది. హీరో అడవిలోని క్రీప్స్ అనే జంతువులను, రాక్షసులను చంపి అనుభవం సంపాదిస్తాడు. హీరో లెవెల్స్ మొత్తం 10. కానీ ఇద్దరు తలపడే ఆటలో 5వ లెవెల్ చేరాక క్రీప్స్‌ను ఎన్ని చంపినా అనుభవం రాదు. ఆపైన ఎదగాలంటే ఎదుటివాడితో తలపడవలసిందే.

ఇక కష్టం సంగతి. కథగా సాగే ఆటలో ఏదైనా ఘట్టం ఓడిపోతే కష్టం తగ్గించుకుని మళ్ళీ ఆడే వీలు ఇచ్చారు. కష్టాన్ని పేర్చడంలో మాత్రం మొదటి భాగపు చివరి ఘట్టానిదే అగ్రస్థానం అంటాను. హైజాల్ కొండ మీద 45 నిమిషాలు నిలబడాలి. ఆర్కిమాండ్ అనే రాక్షస నాయకుడి సేనలు అలలు అలలుగా కొండ ఎక్కుతుంటాయి. దారిలో మొదట జైనా నడిపే హ్యూమన్ స్థావరం, ఆ తర్వాత థ్రాల్ నడిపే ఆర్క్ స్థావరం, చిట్టచివర మన నైట్ ఎల్ఫ్ స్థావరం. ముందున్న రెండు స్థావరాలు ఎంతసేపు నిలిస్తే మన కోటకు అంత ఊపిరి. వాటికి మన సైన్యాన్ని పంపాలా, ఇంట్లోనే దాచుకోవాలా అన్నదే అసలు కష్టం. అవి కూలిపోయినా ఆట అయిపోదు. ఆటలో ఓటమికి కూడా లెక్కలో చోటిచ్చారు.

రెండో రకం కష్టం వేరు. మామూలు పోటీలో కంప్యూటర్‌తో ఆడేటప్పుడు ఈజీ, నార్మల్, ఇన్‌సేన్ అని మూడు స్థాయిలు ఉంటాయి. ఇన్‌సేన్‌తో ఆడి వరుసగా ఓడిపోయి, ‘అన్నా, నాకు బుర్ర లేదు’ అని ఆట మానేసిన తమ్ముళ్ళను చూశాను. తమ్ముళ్ళూ, ఆ స్థాయిలో కంప్యూటర్‌కు తెలివి రెట్టింపు కాదు, రాబడి రెట్టింపు. మన కూలీ ఒక విడతకు 10 బంగారం తెస్తే, వాడి కూలీ 20 తెస్తాడు. ఇది సమతూకం కాదు, కావాలని తక్కెడ ఒకవైపు వంచి పెట్టడం. సాధన కోసం వంచితే తప్పు లేదు, కానీ ఆ సంగతి తెలిసి ఆడాలి. ఓడినందుకు తలమీద కొట్టుకోనక్కరలేదు.

సమాన తక్కెడ మీద ఈ ఆట ఎలా నిలిచిందో తెలియాలంటే వరల్డ్ సైబర్ గేమ్స్ పోటీలు చూడాలి. 2004లో, మళ్ళీ 2008లో నెదర్లాండ్స్‌కు చెందిన మాన్యుయెల్ షెన్‌కౌజెన్ (ఆటలో పేరు గ్రబ్బీ) ఆర్క్‌తో గెలిచాడు. మధ్యలో 2005, 2006లలో చైనాకు చెందిన లీ షియావోఫెంగ్ (స్కై) హ్యూమన్‌తో గెలిచాడు. అప్పటికి ఆట విడుదలై ఏళ్ళు గడిచినా ఒకే జాతి పట్టం కట్టుకుని కూర్చోలేదు.

ఇన్‌సేన్‌ను ఓడించాలని పట్టుదల ఉన్నవాళ్ళకు ఒక కిటుకు. వాడి సైన్యంతో బలం చూసుకోవడం మాని, మొదట్లోనే హీరోను వాడి గని దగ్గరకు పంపండి. వాడి ఒక్కో కూలీ రెట్టింపు మోస్తున్నాడు కదా, ఒకడిని పడగొడితే ఇద్దరిని పడగొట్టినట్టే.