తుపాకీ మోగకముందే గట్టు దాటారు
ఓక్లహామా భూముల పరుగు.. దొంగచాటుగా దూరినవారి కథ

భూమి ఊరికే ఇస్తామంటే జనం ఎంతకైనా తెగిస్తారు. అమెరికాలోని ఓక్లహామాలో 1889లో అదే జరిగింది. సర్కారు చెప్పిన వేళ వరకు హద్దు దగ్గర బుద్ధిగా నిలబడ్డవాళ్లు కొందరు. ముందే లోపలికి దూరి, వాగు పక్కన మంచి నేల చూసుకుని పొదల్లో నక్కినవాళ్లు కొందరు. ఇలా దూరినవాళ్లకు ‘సూనర్లు’ అని పేరు పడింది. వేళ కాకముందే వచ్చినోళ్లు అని అర్థం.

నేల ఎవరిది?

అసలు అది క్రీక్, సెమినోల్ అనే ఆదివాసీ తెగలది. అంతర్యుద్ధం తర్వాత 1866లో ఒప్పందాల పేరుతో సర్కారు వారి చేత వదిలించుకుంది. ఏ తెగకూ కేటాయించకుండా మిగిలిన దాదాపు 20 లక్షల ఎకరాలను బయటి రైతులకు ఇస్తామని 1889 మార్చిలో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ప్రకటించారు.

పద్ధతి ఇదీ. భూమిని ముందే సర్వే చేసి మూలమూలకూ గుర్తులు పెట్టారు. ఒక్కొక్కరికి 160 ఎకరాలు, అంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పు. నచ్చిన ముక్కలో గుంజ పాతి, దాని నంబరు భూముల ఆఫీసులో రాయించుకోవాలి. అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తే పట్టా. పెళ్లికాని ఆడవాళ్లకు, వితంతువులకు కూడా అర్హత ఉంది.

ఏప్రిల్ 22 మధ్యాహ్నం 12 గంటలకు బూర ఊదారు, తుపాకులు పేల్చారు. సుమారు 50 వేల మంది గుర్రాల మీద, బండ్ల మీద, రైళ్లలో, కాలినడకన ఉరికారు. లెక్క వేస్తే ఉన్న ముక్కలు 12 వేలకు అటూ ఇటూ. ఇక మిగతావాళ్ల గతేమిటి? ఊళ్లలో ఇళ్ల స్థలాలకు ఎగబడ్డారు. పొద్దున బయలుగా ఉన్న గత్రీలో సాయంత్రానికి దాదాపు 10 వేల మంది చేరారు.

తీరా చూస్తే గుడారం!

గుర్రం నోట నురగ కక్కేలా తోలుకొచ్చిన రైతుకు అక్కడ అప్పటికే ఒకడు గుడారం వేసుకుని కనిపించేవాడు. తానూ ఇప్పుడే దౌడు తీసి వచ్చానని నమ్మించడానికి కొందరు గుర్రాలకు సబ్బు నురగ పూశారని కథలు చెప్పుకొంటారు. మొలకలెత్తిన కూరగాయల మడి చూపించి, ‘నేల అంత సారవంతం, పొద్దున వేసిన విత్తనమే’ అన్న ఘనుడి కథా ఉంది.

నవ్వులాటకు బాగానే ఉన్నా నష్టం పెద్దది. వేళకు ముందు అడుగుపెట్టినవారికి హక్కు లేదని చట్టంలోనే రాశారు. కానీ రుజువు చేయాల్సింది ఎవరు? మోసపోయిన రైతే. సాక్షుల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు తిరగాలి. అప్పీలు వాషింగ్టన్ దాకా పోతుంది. తగాదా తేలేదాకా నిశ్చింతగా నాగలి పట్టే వీల్లేదు. అబద్ధపు ప్రమాణాలతో నిలదొక్కుకున్న సూనర్లూ ఉన్నారు.

ఓక్లహామా సిటీ తాత్కాలిక మేయరుగా ఉన్న విలియం కౌచ్ పదవి వదులుకుని మరీ తన ముక్క మీద కాపలా కూర్చున్నాడు. అదే భూమి తగాదాలో తుపాకీ దెబ్బ తగిలి 1890 ఏప్రిల్‌లో చనిపోయాడు.

కోర్టు ఏమంది?

రైల్వేలో పనిచేసే స్మిత్ అనే అతను ఎడ్మండ్ దగ్గర రైల్వే స్థలంలోనే కుటుంబంతో ఉండేవాడు. 12 దాటగానే గుడారాన్ని పక్క భూమిలోకి జరిపి, ఇది నాదన్నాడు. తాను దొంగగా రాలేదు, ఉద్యోగం మీద ఉన్నానని వాదించాడు. 1893లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లోపల ఉండే అనుమతి వేరు, దాన్ని అడ్డుపెట్టుకుని భూమి కొట్టేయడం వేరని తేల్చింది.

అదే ఏడాది సెప్టెంబరు 16న చెరోకీ ఔట్‌లెట్‌లో 60 లక్షల ఎకరాలకు లక్ష మందికి పైగా పరుగెత్తారు. ముందే పేర్లు నమోదు చేసి చీటీలిచ్చినా సూనర్లు ఆగలేదు. చివరకు 1901లో కయోవా, కొమాంచీ తదితర తెగల భూములకు పరుగు మాని లాటరీ తీశారు. 13 వేల ముక్కలకు 1 లక్షా 60 వేల మందికి పైగా పేర్లు ఇచ్చారు.

ఒకప్పుడు తిట్టుగా ఉన్న ‘సూనర్’ ఇప్పుడు ఓక్లహామా రాష్ట్రానికి ముద్దుపేరు. అక్కడి విశ్వవిద్యాలయం ఆటల జట్లకూ అదే పేరు. న్యాయంగా ఆగి మోసపోయిన రైతులకు మాత్రం ఏ పేరూ మిగల్లేదు.

బంజరు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మన రైతులకు ఈ కథ కొత్తగా తోచదు. గుంజ పాతినంత మాత్రాన భూమి మనది కాదు. సర్వే నంబరు, కాగితం మీద తేదీ, మాట నిలబెట్టే సాక్షి.. ఆనాడు గత్రీ ఆఫీసులో గట్టిగా అడిగినవి ఇవే. ఈ మూడూ చేతిలో ఉంచుకున్నవాడే పక్కవాడి అబద్ధాన్ని ఎదిరించగలిగాడు.