మోకాలి లిగమెంట్ సర్జరీ అయి నెలలైనా వాపు తగ్గట్లేదా? ఏది మామూలు.. ఏది డేంజర్?

ఆపరేషన్ సక్సెస్ అన్నారు. కుట్లు విప్పారు. చేతికర్ర కూడా పక్కన పెట్టేశారు. కానీ సాయంత్రం అయ్యేసరికి మోకాలు ఉబ్బిపోతోంది. మెట్లు దిగుతుంటే నొప్పి. 'లోపల మళ్లీ ఏమైనా తెగిందా?' అన్న భయం. మోకాలి లిగమెంట్ సర్జరీ అయిన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఉండేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బీజాపూర్ హైవేపై బైక్ జారి పడ్డా, కాలేజీ గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతూ మోకాలు మెలితిరిగినా.. సిటీకి వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి చేయాల్సిన ఫిజియోథెరపీ దగ్గరే బండి ఆగిపోతుంది. చేవెళ్ల నుంచి సిటీకి సుమారు 40 కిలోమీటర్లు. వాపు ఉన్న కాలితో వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కడం అందరివల్లా అయ్యే పని కాదు.

అసలు వాపు ఎందుకు?

ఎక్కువగా తెగేది ఏసీఎల్ అనే లిగమెంట్. తొడ ఎముకను, కింది కాలి ఎముకను లోపల పట్టి ఉంచే గట్టి తాడు లాంటిది ఇది. పూర్తిగా తెగితే చాలావరకు కుట్టి అతికించరు. తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో టెండన్ తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి కొత్త లిగమెంట్‌గా బిగిస్తారు. అంటే గాయం ఒక్కచోట కాదు. టెండన్ తీసిన చోట, ఎముకలో, కీలు లోపల కూడా మానాలి. అందుకే మొదటి వారాల్లో వాపు సహజం. తర్వాత కూడా పని ఎక్కువైన రోజు కొద్దిగా వాపు రావచ్చు. కోత పక్కన చర్మం మొద్దుబారినట్టు ఉండటం కూడా చాలామందిలో కనిపించేదే.

చూడాల్సింది వాపు ఉందా లేదా అని కాదు. వారం వారం తగ్గుతోందా, పెరుగుతోందా అని.

వాపును లైట్ తీసుకోవద్దు

కీలులో నీరు చేరితే తొడ ముందు కండరం సరిగా పనిచేయదు. కండరం బలహీనపడితే బరువంతా కీలు మీదే పడుతుంది. దాంతో మళ్లీ వాపు. ఈ చక్రం తెగాలంటే వాపు తగ్గాలి, కండరం బలపడాలి. పెయిన్ కిల్లర్ వేసుకుని పనిలోకి దిగితే నొప్పి మాత్రమే కనపడకుండా పోతుంది.

ఇంకో విషయం. కొత్త లిగమెంట్‌లోకి రక్తప్రసరణ మెల్లగా చేరుతుంది. సుమారు 6 నుంచి 12 వారాల మధ్య అది బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గి 'నాకేం కాలేదు' అనిపిస్తుంది. నొప్పి తగ్గిందంటే లిగమెంట్ గట్టిపడిందని కాదు. ఆటల్లోకి మళ్లీ దిగడానికి కనీసం 9 నెలలు ఆగమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఇంట్లో ఇలా చూసుకోండి

* ఎక్సర్‌సైజ్ లేదా పని చేసిన మర్నాడు పొద్దున మోకాలు చూడండి. ముందురోజు కంటే వాపు, నొప్పి పెరిగాయంటే డోసు ఎక్కువైందని అర్థం. తగ్గించండి, పూర్తిగా మానేయొద్దు.
* పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టొద్దు. హాయిగా ఉంటుంది కానీ కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. దిండు మడమ కింద పెట్టండి.
* ఐస్‌ను గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు మాత్రమే పెట్టండి.
* నూనె మర్దన, నాటు కట్లు వద్దు. పిక్కలో రక్తం గడ్డ కట్టి ఉంటే మర్దన ప్రమాదం.
* మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వారాల తరబడి వాడొద్దు. కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి.
* గొంతుక్కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్, పొలంలో వంగి పని, బైక్ కిక్ కొట్టడం.. ఇవి ఎప్పటి నుంచో సర్జన్‌ని అడిగి రాసుకోండి. చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణల మొక్కు ఉన్నా, డాక్టర్ సరే అనేదాకా ఆగండి.

ఇవి కనిపిస్తే వెంటనే వెళ్లాలి

* జ్వరం, మోకాలు ఎర్రబడి వేడెక్కడం, కోత నుంచి చీము లేదా నీరు కారడం. ఇన్ఫెక్షన్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.
* పిక్క గట్టిపడి నొప్పి పుట్టడం, కాలంతా వాచడం. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వీటితో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.
* 'టప్' మని శబ్దం వచ్చి ఒక్కసారిగా వాచడం, నడుస్తుంటే మోకాలు జారిపోవడం.
* మోకాలు ఇరుక్కుపోవడం, వారాలు గడిచినా కాలు పూర్తిగా చాపలేకపోవడం. లోపల మచ్చ కణజాలం పెరిగినా, మెనిస్కస్ చిరిగినా ఇలా అవుతుంది.

సిటీకే వెళ్లాలా?

ప్రతిసారీ అక్కర్లేదు. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గర వారాలవారీ ఎక్సర్‌సైజ్ ప్లాన్ కాగితంపై రాయించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీతో కలిపి దాన్ని దగ్గర్లోని ఫిజియోథెరపిస్ట్‌కు చూపించండి. చేవెళ్లలో, మొయినాబాద్ మండలంలో మెడికల్ కాలేజీ ఆస్పత్రులు ఉన్నాయి. అక్కడి ఆర్థోపెడిక్ విభాగంలోనూ చూపించుకోవచ్చు.

గోపీచంద్‌కూ ఇదే దెబ్బ

1994లో పుణెలో నేషనల్ గేమ్స్ ఆడుతూ పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంట్ తెగింది. సర్జరీలు అయ్యాయి. 1996లో నేషనల్ చాంపియన్ అయ్యారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అందరం చాంపియన్లం కానక్కర్లేదు. పొలం గట్టు మీద భయం లేకుండా నడిస్తే చాలు. దానికి కావాల్సింది మాత్రం అదే.. ఆపరేషన్ తర్వాత ఓపిగ్గా, రోజూ చేసే ఎక్సర్‌సైజ్.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ సమస్యకు తప్పనిసరిగా డాక్టర్ సలహా తీసుకోండి.)