పేరు మారినా రొయ్య రొయ్యే

అనాస, అల్మారా, మేస్త్రి, పాదిరి. ఈ మాటలన్నీ పోర్చుగీసు భాష నుండి మనకు వచ్చినవే. రొయ్యను వారు ‘కమరావ్’ అంటారు. ఆ మాట మాత్రం మనకు రాలేదు. మనకు రొయ్య అనే మాట ముందే ఉంది కదా! ఆఫ్రికాలో అయితే అది ఒక దేశానికే పేరయ్యింది. 1472 ప్రాంతంలో పోర్చుగీసు నావికులు అక్కడి ఒక నదిలో రొయ్యల వంటి జీవులను విస్తారంగా చూసి, దానికి ‘రొయ్యల నది’ అని పేరు పెట్టారు. నేటి కామెరూన్ పేరు అందులో నుండి వచ్చిందే.

ఉడికిన రొయ్య ఎర్రబడుతుంది. అందుకే ఎండకు ఒళ్లు కందిన మనిషిని పోర్చుగీసువారు రొయ్యతో పోలుస్తారు. మనవారు దాని మీసం చూశారు. ఊరికే మీసం మెలేసేవాణ్ణి చూసి “రొయ్యకు లేదా బారెడు మీసం?” అంటారు.

ఈ పేర్లు తెలియడం కొందరికి ప్రాణావసరం. రొయ్య పడనివారికి తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, దురద, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం రావచ్చు. దీనికి ముఖ్య కారణం రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు. ఎంత ఉడికించినా, ఎండబెట్టినా దాని ప్రభావం పోదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సముద్రానికి దూరం. సంతలో దొరికే ఎండు రొయ్యలను వంకాయతోనో చింతచిగురుతోనో వండుకుంటాం. రొయ్య పొట్టు కూరలో కలిసిపోతే కంటికి కనబడదు. గద్వాల దాటి రాయచూరు వెళ్తే అక్కడ దాని పేరు సీగడి. హైదరాబాదు హోటళ్లలో ఝింగా. పనికోసం ముంబయి, పుణె వెళ్లినవారికి కోలంబి. గోవాలో ‘బల్చావ్’ అనే పచ్చడి పేరులో రొయ్య లేదు, లోపల మాత్రం సాధారణంగా రొయ్యే ఉంటుంది.

కాబట్టి రొయ్య పడనివారు ఈ పేర్లు గుర్తుంచుకోండి. వండేవారిని అడిగి తినండి. పీతలు కూడా పడకపోవచ్చు, డాక్టరుగారిని అడగండి. విందుకు పిలిచినవారికి ముందే చెప్పండి, అందులో మొహమాటం వద్దు.

గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా పసరు మందులతో కాలయాపన చేయవద్దు. మనిషిని పడుకోబెట్టండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి, నడిపించవద్దు. 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఆ సమయంలో ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఏమి తిన్నారో డాక్టరుగారికి తప్పక చెప్పండి.