వార్తల్లో పదం: అప్రెంటిస్‌షిప్

సంస్థలో పనిచేస్తూ, నెలనెలా స్టైపెండ్ తీసుకుంటూ వృత్తి నేర్చుకునే పద్ధతి అప్రెంటిస్‌షిప్. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత లాంటి ఈ చిక్కుముడిని విప్పే మార్గాల్లో ఇదొకటి.

మన దేశంలో దీనికి ఆధారం 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ బలగంలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు రూ.1,500కు మించకుండా, కేంద్రం భరిస్తుంది.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఆర్టీసీ. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన కుర్రాడు అసలు పని నేర్చేది డిపో గ్యారేజీలోనే. అరిగిన బ్రేక్ లైనింగ్‌ను చూసి గుర్తుపట్టడం, ఇంజిన్ చప్పుడు విని లోపం పసిగట్టడం పుస్తకాలతో అబ్బే విద్యలు కావు.

చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థే తప్ప కార్మికుడు కాడు. అయినా ఆరోగ్యం, భద్రత, ప్రమాద పరిహారం నిబంధనలు వర్తిస్తాయి. ఒప్పందంలో రాసుకుంటే తప్ప శిక్షణ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఇదే ఈ ఏర్పాటులోని పెద్ద లోటు. చవకగా దొరికే పనివాళ్లుగా వాడుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. అయితే నియామకాల్లో మిగతా అర్హతలు సమానమైనప్పుడు, నేరుగా వచ్చినవారి కంటే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది.