ఊరి ఎల్ల

తెలుగులో 'ఎల్ల' అంటే హద్దు. 'పొలిమేర', 'సీమ', 'సరిహద్దు', 'శివారు' అనేవి కూడ ఇంచుమించు ఆ అర్థాన్నే ఇచ్చే మాటలు. వీటిలో పొలిమేర అచ్చమైన తెలుగు. సీమ సంస్కృతం. సరిహద్దులోని 'హద్దు' అరబ్బీ నుండి వచ్చి తెలుగులో స్థిరపడినది. ఒక్క భావానికి ఇన్ని మాటలు వాడుకలో నిలిచాయంటే, తన నేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవలసిన అవసరం మనిషికి ఎంత ప్రాచీనమైనదో ఊహించవచ్చు. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి పట్టణానికి ఈ 'ఎల్ల'తో సంబంధం లేదు. కామారెడ్డి వలెనే అదీ వ్యక్తినామంతో వెలసిన ఊరు. అయితే కాకతాళీయంగా దేశపటంలో ఒక ముఖ్యమైన ఎల్ల ఆ ఊరి పక్కనుండే పోతుంది. డెబ్బయి ఎనిమిదవ తూర్పు రేఖాంశం ఎల్లారెడ్డికి కొద్ది దూరంలో పడమటగా సాగుతుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాలలో ఆ రేఖకు పడమట ఉన్న బాన్సువాడ '56 ఎఫ్' అనే పటంలోను, తూర్పున ఉన్న ఎల్లారెడ్డి, కామారెడ్డి '56 జె' అనే పటంలోను చేరుతాయి.

పటాలు లేని కాలంలో ఊరి ఎల్లలను మాటలతోనే గీసేవారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో దానమిచ్చిన గ్రామానికి ఎనిమిది దిక్కుల హద్దులు చెప్పడం పరిపాటి. ఒక దిక్కున చింతచెట్టు, ఇంకొక దిక్కున పుట్ట, వేరొక దిక్కున వాగు, మరొక దిక్కున పొరుగూరి చెరువుకట్ట. శాసనం సంస్కృతంలో ఉన్నా హద్దుల దగ్గరకు వచ్చేసరికి తెలుగు మాటలు తొంగిచూస్తాయి. రాజు వంశాన్ని ఏ భాషలో పొగిడినా చెల్లుతుంది. పొలం గట్టును మాత్రం ఆ గట్టుమీద నడిచేవాని భాషలోనే చెప్పాలి. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. చింతచెట్టు కూలిపోతుంది, వాగు దారి మార్చుకుంటుంది. సాక్ష్యం చెప్పే వృద్ధుడు కన్నుమూసిన నాడు హద్దు కూడ అతనితోనే పోతుంది.

చెట్టుమీద, పుట్టమీద ఆధారపడకుండ భూమిని కొలిచే ప్రయత్నం దక్షిణ భారతదేశంలో 1802లో మొదలయింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సమీపంలోని పరంగిమల దగ్గర ఏడున్నర మైళ్ళ పొడవైన ఒక సరళరేఖను నూరు అడుగుల ఉక్కు గొలుసుతో కొలిపించాడు. దీనినే ఆధారరేఖ అంటారు. గొలుసును నాలుగు వందల సార్లు పరచవలసి వచ్చింది. దానికి యాభై ఏడు రోజులు పట్టింది. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక కొలిచేటప్పుడు ఉష్ణోగ్రతను కూడ గుర్తించి లెక్కలో సవరించేవారు.

ఈ విధానం సూత్రం సులభమైనది. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు చివరల కోణాలు తెలిస్తే తక్కిన రెండు భుజాలు గణితంతో తేలుతాయి. ఆ తేలిన భుజమే మరొక త్రిభుజానికి ఆధారమవుతుంది. ఇలా ఒక కొండ కొమ్మునుండి మరొక కొండ కొమ్మును చూస్తూ కోణాలు కొలుచుకుంటూ పోతే, నేలమీద గొలుసు పరచకుండనే వందల మైళ్ళు కొలవవచ్చు. కోణాలు కొలిచే థియోడలైట్ అనే యంత్రం బరువు అర టన్ను. దానిని మనుషులే మోసేవారు. 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి ఆ యంత్రం గోడకు కొట్టుకొని వంకరపోయింది. లాంబ్టన్ గుడారంలో కూర్చొని వారాల తరబడి శ్రమించి దానిని సరిచేసుకున్నాడు.

ఈ త్రిభుజాల వరుస కన్యాకుమారి నుండి ఉత్తరానికి, డెబ్బయి ఎనిమిదవ రేఖాంశాన్ని దాదాపుగా అంటిపెట్టుకొని సాగింది. అందువల్లనే అది నిజాం రాజ్యం నడుమగా, నేటి ఎల్లారెడ్డి ప్రాంతానికి చేరువగా వచ్చింది. అనంతపురం జిల్లా గుత్తి దగ్గర 1811లో, బీదరు ప్రాంతంలో 1815లో కొత్త ఆధారరేఖలను కొలిచారు. బీదరు ఆధారరేఖకు సంబంధించిన దామర్‌గిద్ద అనే పరిశీలన కేంద్రం 18 డిగ్రీల 3 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఎల్లారెడ్డికి అది రమారమి పడమటి దిక్కు. దారి కూడ ఎక్కువ కాదు. జార్జి ఎవరెస్టు తరువాతి కాలంలో ప్రచురించిన గ్రంథాలలో భూగోళం ఆకృతిని నిర్ణయించడానికి తీసుకున్న కొలత ఈ దామర్‌గిద్ద అక్షాంశం నుండే మొదలవుతుంది. 1841లో ఆండ్రూ వా మెరుగైన పరికరాలతో బీదరు ఆధారరేఖను తిరిగి కొలిచినప్పుడు, ఉత్తరాదినుండి వందల మైళ్ళ త్రిభుజాల ద్వారా లెక్కగట్టిన పొడవుకు, నేలమీద కొలిచిన పొడవుకు తేడా కొన్ని అంగుళాలు మాత్రమే వచ్చింది.

ఆ అంగుళాల వెనుక మనుషుల ప్రాణాలున్నాయి. ఎవరెస్టు 1818 చివర హైదరాబాదుకు వచ్చి లాంబ్టన్ దగ్గర చేరాడు. మరుసటి సంవత్సరం వర్షాకాలంలో కృష్ణా గోదావరుల మధ్య అడవులలో కొలతకు వెళ్ళిన అతని బృందాన్ని ఎల్లాపురం దగ్గర విషజ్వరం చుట్టుముట్టింది. బృందంలో నూటికి పైగా మనుషులు మంచం పట్టారు. హైదరాబాదు నుండి ఏనుగులను, పల్లకీలను పంపి వారిని వెనుకకు తీసుకురావలసి వచ్చింది. పలువురు దారిలోనే ప్రాణాలు విడిచారు. ఎవరెస్టు కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణాగ్రం దాకా వెళ్ళాడు. లాంబ్టన్ 1823 జనవరి 20న నేటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ దగ్గర, కొలత దారిలోనే మరణించాడు. వీరిద్దరి పేర్లు గ్రంథాలలో ఉన్నాయి. జెండాలు పట్టుకొని కొండకొమ్ముల మీద నిలిచిన ఖలాసీల పేర్లు చాలావరకు లేవు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ తన పనితనంతో పరికరాల నిర్మాతగా ఎదిగి పేరు నిలుపుకొన్నాడు. ఇటువంటివారు అరుదు.

త్రిభుజాలు ఆ తరువాత హిమాలయాలను చేరాయి. రాధానాథ్ సిక్దార్ గణించిన పదిహేనవ శిఖరం ప్రపంచంలో ఎత్తయినదని తేలింది. యంత్రాలతో అడుగుపెట్టడానికి వీలులేని టిబెట్టులో 1865-66లలో నైన్‌సింగ్ యాత్రికుని వేషంతో నడిచి, నూట ఎనిమిదికి బదులు నూరు పూసలున్న జపమాల మీద అడుగులు లెక్కించి దారులను కొలిచాడు.

త్రిభుజాలు దేశానికి ఎముకల గూడును ఇచ్చాయి గాని ఊళ్ళను ఇవ్వలేదు. ఊరు పటంలోకి రావడానికి ఇంకొక పని జరగాలి. ఊరివారిని పేరడగాలి, పొలం పొలాన్ని కొలవాలి. ఈ మొదటి పనిలో తెలుగువారి పాత్ర గొప్పది. కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి ఊరూరి చరిత్రను సేకరించారు. కరణాల దగ్గరి కవిలెలను, వృద్ధుల జ్ఞాపకాలను ఆధారంగా చేసుకొని ఆ సేకరణలో వ్రాయించిన కైఫీయతులు నేటికీ చరిత్రకారులకు ఆకరాలు.

రెండవ పని, అంటే పొలాల కొలత, నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్న కాలంలో బొంబాయి పద్ధతిని అనుసరించి 1870వ దశకంలో మొదలయింది. ముప్ఫైమూడు అడుగుల పొడవు, అంతే వెడల్పు గల నేల ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. కామారెడ్డి ప్రాంతపు రైతు ఇంట ఈనాటికీ వినిపించే నక్షా, టిప్పన్, సేత్వార్, పహాణీ అనే మాటలు ఆ పరిపాలన మిగిల్చినవే. నక్షా ఊరి మొత్తం పటం. టిప్పన్ ఒక్కొక్క సర్వే నంబరు కొలతల చిత్రం. గట్టు తగాదా వచ్చినప్పుడు ఇద్దరు రైతులూ వెదికేది దానినే.

ఆ రికార్డులలో 'బేచిరాగ్' అనే మాట ఒకటి కనిపిస్తుంది. పారసీకంలో 'బే' అంటే లేని, 'చిరాగ్' అంటే దీపం. దీపం లేని ఊరు, అనగా జనం విడిచిపోయిన ఊరు. కరవుకో, కలరాకో ఊరు ఖాళీ అయిపోయినా దాని పేరు, ఎల్లలు, సర్వే నంబర్లు కాగితం మీద అలాగే ఉంటాయి. రెవెన్యూ గుమాస్తా ఎవరో గాని, కవి చెప్పదగిన మాటను పద్దు పుస్తకంలోకి ఎక్కించాడు. దీనికి సరిగ్గా ఎదురు స్థితి తండాలది. ఎల్లారెడ్డి, గాంధారి, మాచారెడ్డి ప్రాంతాల గుట్టల నడుమ, అడవి అంచులలో లంబాడీల తండాలు అనేకం ఉన్నాయి. అక్కడ రాత్రిపూట దీపాలు వెలిగేవి, పొలాలు పండేవి, పిల్లలు పెరిగేవారు. పటంలో మాత్రం ఆ నేల దూరాన ఉన్న మరొక గ్రామం శివారు. దీపం లేని ఊరికి పేరుంది. దీపం వెలిగే తండాకు ఆ గౌరవం లేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యే దాకా తండావాసి తన భూమికి సంబంధించిన ఏ కాగితానికైనా ఆ పెద్ద ఊరి పట్వారీ గడప ఎక్కవలసిందే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఐదు వందలు, ఆపై జనాభా గల తండాలు అనేకం గ్రామపంచాయతీలయ్యాయి. అయితే పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. మొదటిది సర్పంచిని ఇస్తుంది. రెండవది నక్షాను ఇస్తుంది.

ఈ జిల్లా పడమటి అంచున మద్నూరు, జుక్కల్ ప్రాంతాలలో తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల ఎల్లలు కలుస్తాయి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని విభజించి నాందేడును బొంబాయికి, బీదరును మైసూరుకు ఇచ్చినప్పుడు ఏర్పడిన ఎల్లలివి. అక్కడి సంతలో మూడు భాషలు వినిపిస్తాయి. అయినా ఏ పొలం ఏ రాష్ట్రానిదన్న సందేహానికి పెద్దగా తావు లేదు. విభజనకు ఎనభై ఏళ్ళకు పూర్వమే అక్కడ గొలుసు నడిచే పని ఆరంభమైంది గనుక, గీత గీయడానికి కొలిచిన ఊళ్ళు ఉన్నాయి.

గొలుసు నడవని చోట ఏమవుతుందో తెలియాలంటే తూర్పు కనుమలకు పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరుకు, ఒడిశాలోని పొట్టంగికి నడుమ కొండల మీద కొఠియా గ్రామాలున్నాయి. 1,672 మీటర్ల ఎత్తుగల దేవమాలి శిఖరం ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నది. ఇవి ఇరవై ఒక గ్రామాలని సాధారణంగా చెప్పే లెక్క. శివారు పల్లెలను విడిగా ఎంచితే లెక్క పెరుగుతుంది. ఒకప్పుడు ఈ కొండలన్నీ మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలోనివి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై జయపురం సంస్థానం దానిలో చేరింది. అప్పుడు రెండు రాష్ట్రాల నడుమ గీత గీయవలసి వచ్చింది. కొఠియా గ్రామాలలో సర్వే జరగలేదు. దుర్గమమైన కొండదారులు, జ్వరాల భయం, పన్ను పెద్దగా రాని పోడు నేల, వీటిని తలచుకుంటే కొలిచేవారు ఎందుకు అటు పోలేదో అర్థం చేసుకోవచ్చు. క్షమించడం కష్టం.

1968లో ఒరిస్సా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. యథాతథ స్థితిని పాటించవలసిందని న్యాయస్థానం ఆదేశించింది. 2006లో ఆ వ్యాజ్యం ముగిసింది గాని ఎల్ల తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా మళ్ళీ అదే న్యాయస్థానం తలుపు తట్టింది. ఇరు రాష్ట్రాల వాదనలకూ వారి వారి పత్రాల బలం ఉన్నది. ఊరివారి చేతిలో ఉన్నవి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు గుర్తింపు కార్డులు. దీనిని లాభమని ఎంచేవారున్నారు. రోడ్డు, బడి, ఆసుపత్రి ఏది వచ్చినా ముందు అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. దశాబ్దాల పాటు అవి రెండు వైపులనుండీ ఆలస్యంగానే కొండెక్కాయి. పోటీ పెరిగిన తరువాత మాత్రం రెండు వైపులనుండీ పథకాలు ఎదురెదురుగా వచ్చాయి.

ఇప్పుడు ఉపగ్రహం ఆ కొండల మీది ప్రతి ఇంటి కప్పునూ చూడగలదు. అక్షాంశ రేఖాంశాలను అరచేతిలోని ఫోను చెబుతుంది. లాంబ్టన్ గొలుసుతో రెండు నెలలు పట్టిన కొలత నేడు కొద్ది గంటల పని. ఆ పల్లెలు ఎక్కడ ఉన్నాయన్నది తెలియనిది కాదు. అవి ఏ నక్షాలోకి ఎక్కాలన్నదే తేలనిది. అక్కడ తెలుగు అక్షరాల పలకలూ వెలిశాయి, ఒడియా అక్షరాల పలకలూ వెలిశాయి. ఆ కొండలలోని కోందుల ఇళ్ళలో వినిపించేది తెలుగుకు దూరపు చుట్టమైన కువి భాష. దానికి ఏ పలక మీదా చోటు దొరకలేదు.