21కీ 23కీ మధ్య ఒక తాళం

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో గుట్టుగా ఒక ప్రోగ్రామును పెట్టిపోయారు. తీగ వెంట పారే సమాచారాన్ని వింటూ కూర్చోవడం, అందులో యూజర్‌నేమూ పాస్‌వర్డూ కనబడితే ఏరి దాచుకోవడం, ఇంతే దాని పని. పట్టుబడేసరికి దాని దగ్గర వేల పాస్‌వర్డులు పోగుపడి ఉన్నాయి.

ఇందులో దొంగ గొప్పతనం ఏమీ లేదు. ఒక కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడో ఉన్న మరో కంప్యూటరును నడపడానికి ఆ రోజుల్లో వాడేవి టెల్‌నెట్, ఆర్‌లాగిన్. ఫైళ్లు పంపుకోవడానికి ఎఫ్‌టీపీ. ఇవన్నీ పాస్‌వర్డును మనం కొట్టింది కొట్టినట్టే తీగ మీదికి వదిలేవి. దారిలో ఏ యంత్రం చెవి ఒగ్గినా వినబడేది. ఆర్‌లాగిన్‌ది ఇంకో రకం అమాయకత్వం. ఫలానా చిరునామా నుంచి వచ్చానంటే చాలు, పాస్‌వర్డు కూడా అడక్కుండా లోపలికి రానిచ్చే వెసులుబాటు అందులో ఉండేది. ఇంటర్నెట్ అంటే ఒకరికొకరు తెలిసిన కొన్ని విశ్వవిద్యాలయాలే అయిన కాలపు పద్ధతులవి. నెట్‌వర్కు దేశదేశాలకూ పాకాక కూడా అవే నడిచాయి.

దొంగ పోగేసినవాటిలో అదే విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన టాటు యులోనెన్ కంపెనీ పాస్‌వర్డులూ ఉన్నాయి. ఆయన టెల్‌నెట్ చేసే పనే చేస్తూ, తీగ మీదికెక్కే ప్రతి అక్షరాన్నీ గుప్తలిపిలోకి మార్చే ప్రోగ్రాము రాసుకున్నాడు. దాని పేరు సెక్యూర్ షెల్, పొట్టిగా ఎస్‌ఎస్‌హెచ్. నలుగురికీ ఇవ్వాలంటే దానికంటూ ఒక పోర్టు నంబరు, అంటే యంత్రంలో ఏ ప్రోగ్రామును పిలుస్తున్నామో చెప్పే సంఖ్య, కావాలి. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23. ఆ రెండింటినీ సాగనంపడానికే పుట్టింది కాబట్టి మధ్యలో ఖాళీగా ఉన్న 22 ఇప్పించమని జూలై 10న నంబర్లు కేటాయించేవారికి ఈమెయిల్ రాశాడు. అమెరికాలో ఆ పని చూసేది జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్. మర్నాడే జాయిస్ దగ్గర్నుంచి జవాబొచ్చింది, 22 మీదేనని. దరఖాస్తు ఫారం లేదు, కమిటీ లేదు. ఇవాళ అదే నంబరు కోసం ఎన్ని సమావేశాలు జరిగేవో ఊహించుకోవచ్చు. ఏ లైనక్స్ సర్వరైనా, ప్రత్యేకంగా మారిస్తే తప్ప, నేటికీ 22 దగ్గరే మనకోసం కాచుకుని ఉంటుంది. జూలైలో సోర్సు కోడుతో సహా ఉచితంగా విడుదలైన ఈ ప్రోగ్రామును ఆ ఏడాది చివరికి 50 దేశాల్లో 20,000 మంది వాడుతున్నారని అంచనా.

ఇప్పుడు అసలు చిక్కు. గుప్తలిపికి తాళంచెవి కావాలి, అది రెండు వైపులా ఒకటే అయి ఉండాలి. అంతకుముందు ముఖపరిచయం లేని రెండు యంత్రాలు, దొంగ వింటున్న తీగ మీదే మాట్లాడుకుంటూ, దొంగకు తెలియని తాళంచెవిని ఎలా తయారుచేసుకుంటాయి? దీనికి దారి 1976లోనే విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ చూపించారు. ఇప్పటి ఎస్‌ఎస్‌హెచ్ ఆ దారినే నడుస్తుంది. చిన్న అంకెలతో చేసి చూద్దాం. 5, 23 అనే రెండు సంఖ్యలు అందరికీ తెలుసు, దొంగకు కూడా. మీరు మనసులో 3 అనుకున్నారు. 5ను మూడుసార్లు గుణిస్తే 125, దాన్ని 23తో భాగిస్తే శేషం 10. ఆ 10ని బాహాటంగా పంపేయండి. అవతలి యంత్రం 7 అనుకుంది. 5ను ఏడుసార్లు గుణిస్తే 78,125, శేషం 17. అదీ బాహాటంగానే మీకొచ్చింది. మీరు 17ను మూడుసార్లు గుణించి 23తో భాగించండి, శేషం 14. అవతలి యంత్రం 10ని ఏడుసార్లు గుణించి 23తో భాగిస్తుంది. అక్కడా శేషం 14! తీగ మీద 14 అనే సంఖ్య ఎక్కడా పోలేదు. దొంగ విన్నది 5, 23, 10, 17 మాత్రమే. ఇంత చిన్న లెక్కయితే అతను వేళ్ల మీద పట్టేస్తాడు. 23కు బదులు ఆరువందలకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్యను పెట్టారా, వెనక్కి లెక్కగట్టడం ఇప్పటి కంప్యూటర్లకు అసాధ్యం.

అయితే ఈ లెక్క ఒక సంగతి చెప్పదు. అవతల ఉన్నది ఎవరు? మధ్యలో దొంగే కూర్చుని మీతో సర్వరులా, సర్వరుతో మీలా మాట్లాడితే రెండు వైపులా చక్కగా గుప్తలిపే నడుస్తుంది, దొంగ చేతుల మీదుగా. అందుకే ప్రతి సర్వరుకూ తనదైన శాశ్వత కీ ఒకటి ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీ వేలిముద్రను చూపించి, దీన్ని నేను ఎరగను, నమ్మమంటావా అని అడుగుతుంది. పనిలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? ‘యస్’ కొట్టేస్తాడు. సర్వరు కన్సోలులో వేలిముద్రను ముందే చూసి పెట్టుకుని, ‘యస్’కు బదులు దాన్నే అక్కడ అతికించవచ్చు. రెండూ సరిపోలితేనే ఎస్‌ఎస్‌హెచ్ ముందుకు కదులుతుంది. ఈ సౌకర్యం ఉందని తెలిసినవాళ్లు తక్కువ, తెలిసి వాడేవాళ్లు మరీ తక్కువ. నన్నడిగితే ఎస్‌ఎస్‌హెచ్‌లో అతి బలహీనమైన చోటు ఇదే, అది అంత త్వరగా వ్యాపించడానికి కారణమూ ఇదే. ఎవరి ధ్రువపత్రమూ అక్కర్లేకుండా ఏ ఇద్దరైనా ఈ పూటే మొదలుపెట్టేయవచ్చు.

మన వైపు గుర్తింపుకూ కీలే మేలు. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఒక జత చేసుకుంటే రహస్య భాగం మన యంత్రం దాటదు, బహిరంగ భాగం సర్వరులో ఉంటుంది. తీగ మీద పోయేది సంతకమే, పాస్‌వర్డు కాదు. ప్రాక్సీజంప్ అనే వరుస కాన్ఫిగ్ ఫైలులో రాసుకుంటే, బయటికి కనబడే ఒక్క సర్వరు మీదుగా లోపలి సర్వరుకు ఒకే కమాండుతో చేరవచ్చు. నెట్ పోయి తెర బిగుసుకుపోయినప్పుడు కిటికీ మూసేయనక్కర్లేదు. ఎంటర్, టిల్డ గుర్తు, చుక్క వరసగా కొడితే ఎస్‌ఎస్‌హెచ్ బుద్ధిగా తప్పుకుంటుంది. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులు చేసే సపోర్టు ఇంజనీర్లలో చాలామంది ఎస్‌ఎస్‌హెచ్‌ను మొదట చూసింది విండోస్‌లో వాడే పుట్టీ అనే ప్రోగ్రాము నల్లకిటికీలోనే. దాన్ని రాసిన ఇంగ్లండ్ ప్రోగ్రామరు సైమన్ టాథమ్ దానికి ఇప్పటికీ డబ్బు అడగడు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 1995 డిసెంబరులోనే యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ కోసం వేరే కంపెనీ పెట్టాడు, తర్వాతి వెర్షన్లకు లైసెన్సు షరతులు బిగిశాయి. 1999లో బ్యోర్న్ గ్రోన్‌వాల్ అనే స్వీడన్ ప్రోగ్రామరు షరతులు బిగియకముందు నాటి 1.2.12ను వెతికి పట్టుకుని బాగుచేయడం మొదలుపెట్టాడు. ఓపెన్‌బీఎస్‌డీ బృందం దాన్ని అందుకుని, ఆ డిసెంబరుకల్లా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌గా విడుదల చేసింది. బృందానికి పెద్ద అయిన థియో డి రాట్ ఉండేది కెనడాలోని కాల్గరీలో. గుప్తలిపి సాఫ్ట్‌వేర్ ఎగుమతి మీద అమెరికా ఆంక్షలు అక్కడ వర్తించవు. ఇవాళ లైనక్స్‌లో మనం ‘ఎస్‌ఎస్‌హెచ్’ అని కొడితే పలికేది ఈ దత్తపుత్రుడే.

ముప్పై ఏళ్లలో దీని గోడకు కన్నాలు పడకపోలేదు. మొదటి ప్రొటోకాల్‌లో 1998లో బయటపడ్డ లోపానికి వేసిన అతుకులోనే 2001లో ఇంకో కన్నం దొరికింది. 2003లో ‘ది మ్యాట్రిక్స్ రీలోడెడ్’ సినిమాలో ట్రినిటీ విద్యుత్ కేంద్రం కంప్యూటరులోకి దూరేది ఆ కన్నంలోంచే. సినిమా హ్యాకింగు నిజానికి అంత దగ్గరగా రావడం అరుదు. అయినా డిఫీ-హెల్మన్ లెక్కను సాధించి లోపలికి వచ్చినవాడు ఎవడూ కనబడడు. దెబ్బ ఎప్పుడూ లెక్క చుట్టుపక్కల నుంచే.

డెబియన్ లైనక్స్ సంగతి చూడండి. మెమరీ వాడకంలో తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ అనే సాధనం, విలువ పెట్టని మెమరీని వాడుతున్నారంటూ, ఎస్‌ఎస్‌హెచ్ కీల తయారీకి వాడుకునే గుప్తలిపి లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మీద ఫిర్యాదు చేసేది. ఆ గొడవ ఆపడానికి 2006లో డెబియన్‌లో రెండు వరుసలు తీసేశారు. ఊహకందని సంఖ్యలకు ముడిసరుకు అందించేది వాటిలో ఒకటి. ఇక మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే, అది 32,768 దాటదు. అంటే ఒక రకం యంత్రం మీద, ఒక పొడవులో పుట్టగల కీలన్నీ కలిపినా అన్నే. ఎవరైనా అన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూడవచ్చు. 2008 మేలో లుసియానో బెల్లో పట్టుకునేదాకా డెబియన్‌లోనూ, దాని నుంచి పుట్టిన ఉబుంటులోనూ అలాంటి కీలే పుట్టాయి. చూడ్డానికి వాటిలో ఏ లోపమూ కనబడదు.

2024లో దెబ్బ ఇంకా దూరం నుంచి వచ్చింది. ఎక్స్‌జెడ్ అనే ఫైలు కుదింపు సాధనాన్ని లాసే కొలిన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామరు జీతం బత్తెం లేకుండా ఏళ్ల తరబడి ఒంటిచేత్తో చూసుకుంటూ వచ్చాడు. ‘జియా టాన్’ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణలో చెయ్యి పెట్టి, ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0లో దొంగదారి ఇరికించారు. ఎక్స్‌జెడ్‌తో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు పనే లేదు. కానీ డెబియన్, ఫెడోరా లైనక్స్‌ల వాళ్లు దాన్ని, యంత్రంలో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీతో మాట్లాడించడానికి చేసుకున్న మార్పు వల్ల ఎక్స్‌జెడ్ లైబ్రరీ వచ్చి ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు పక్కనే కూర్చునేది. నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ జోలికి వెళ్తే వేయి కళ్లు చూస్తాయని దొంగకు తెలుసు.

ఈసారీ వాల్‌గ్రిండ్ ఫిర్యాదు చేసింది. దాని నోరు మూయించడానికే హడావుడిగా 5.6.1 వచ్చింది. ఇంతలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇంజనీరు, దాని వేగం కొలవడానికి తన యంత్రంలో ఇతర పనుల సందడి తగ్గించే ప్రయత్నంలో ఉన్నాడు. ఇంటర్నెట్‌లో 22వ పోర్టు తెరిచి ఉంచిన ప్రతి యంత్రాన్నీ తప్పుడు పేర్లతో తట్టే బాట్లు ఉంటాయి కదా, వాటిని వెనక్కి పంపడానికే ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు ప్రాసెసరును మామూలుకు మించి తింటోంది. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోంది. అంతకుముందెప్పుడో చూసిన వాల్‌గ్రిండ్ ఫిర్యాదు ఆయనకు గుర్తొచ్చి తవ్వడం మొదలుపెట్టాడు. మార్చి 29న సంగతి బయటపెట్టాడు. డెబియన్, ఫెడోరా ప్రయోగాత్మక శాఖల్లోకి వెళ్లిన ఆ వెర్షన్లను వాటి స్థిర విడుదలల్లోకి చేరకముందే వెనక్కి తీశారు.